ఏ చంద్రుణ్ణి చూసి తినాలి

అట్లతద్ది నాటి సాయంత్రం కైకలూరు నుంచి ఏలూరు వెళ్ళే బస్సులో నా పక్కన ఒకావిడ కూర్చున్నారు. ఒళ్ళో అట్ల డబ్బా ఉంది. తెల్లవారుజామున చద్దన్నం తిన్నాక మంచినీళ్ళు కూడా ముట్టలేదట. చంద్రుణ్ణి చూశాకే తినాలి. కొల్లేరు మీద చూస్తే మబ్బు కమ్ముకుని ఉంది.

నేను కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను, ఊరుకోలేను. “శనిగ్రహానికైతే వందల్లో చంద్రులున్నాయండీ. అక్కడ ఇంత ఎదురుచూపు ఉండదు,” అన్నాను.

“అన్నీ మన చంద్రుడంత ఉంటాయాండీ?”

“లేదండీ. చాలావరకు కొండరాళ్ళంతే.”

ఆవిడ కిటికీలోంచి పైకి చూశారు. “అన్ని ఉంటే మబ్బు పట్టినా దిగులుండదు. కానీ దేన్ని చూసి తినాలో ఎవరు చెబుతారండీ?”

ఫోన్‌లో చూసి, “చంద్రోదయం అయిపోయిందండీ, తినెయ్యచ్చు,” అన్నాను.

“అయ్యుంటుందండీ. నాకు కనపడాలి కదా,” అని నవ్వి, డబ్బా మూత గట్టిగా నొక్కారు.

ఏలూరులో దిగేదాకా మబ్బు వీడలేదు. ఆవిడ డబ్బా పట్టుకుని ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాను. అన్నం కలిపి, ముద్ద ఎత్తబోతూ ఎందుకో ఆగాను. చెయ్యి కడుక్కోకుండానే మేడెక్కి చూశాను.

ఇంకా మబ్బే.