హోల్డ్ చెయ్యమన్నారు

ఈమధ్య మా వైపు అన్నీ హోల్డ్‌లోనే ఉంటున్నాయి. గవర్నమెంటు ఇవ్వాల్సిన ఇంటి బిల్లు ఏమైందయ్యా అంటే, హోల్డ్‌లో ఉందండీ. మా ఆడపడుచు కూతురి సంబంధం ఏమైందంటే, వాళ్ళు హోల్డ్‌లో పెట్టేరండీ. నిన్న గ్యాస్ వాళ్ళకి ఫోన్ చేస్తే ఎవరో అమ్మాయి తియ్యగా హోల్డ్ చెయ్యమని చెప్పి, పాట పెట్టి పోయింది. ఆ పాట విని విని ఒళ్ళు మండిపోయింది. ఫోన్ విసిరికొడదామనుకుని, మళ్ళీ చెవికే ఆనించుకున్నాను. ఆ మాట విన్నాక ఫోన్ పెట్టెయ్యడం నా వల్ల కాదు.

నా చిన్నప్పుడు అది కండక్టర్ల మాట. అమలాపురం బస్సులో మా అమ్మ గంప దించుకునేదాకా కండక్టరు "హోల్డాన్, హోల్డాన్" అని రేకు మీద బాదేవాడు. బి.ఎ.లో చేరాక నిఘంటువు తెరిస్తే ఆ ఒక్క క్రియకే పేజీ నిండా అర్థాలు. పట్టుకోవడం, ఆపడం, మొయ్యడం, సభ జరపడం, ఒక అభిప్రాయం కలిగి ఉండటం... ఓరి నాయనో అనుకున్నాను. అయినా కూర్చుని బట్టీ పట్టాను. పరీక్షలో ఒక్కటీ అడగలేదు, అది వేరే సంగతి.

పెళ్ళయి రాజోలు దగ్గర మా అత్తవారి ఊరు వెళ్ళేసరికి, ఆ వీధి మొత్తానికీ ఫోను మా ఇంట్లోనే ఉండేది. చుట్టుపక్కల ఇళ్ళ మగవాళ్ళు చాలామంది మస్కట్‌లోనో కువైట్‌లోనో ఉండేవారు. వాళ్ళకి శుక్రవారం సెలవు. ఆ రోజు ఆడవాళ్ళంతా మా అరుగు మీదే. ఫోన్లో మొగుడికి కనబడతామనుకునేవారేమో, స్నానాలు చేసి, పౌడరు రాసుకుని, పూలు కూడా పెట్టుకొచ్చేవారు! ఆ శుక్రవారాలు తల్చుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. మా అత్తగారు ఫోనెత్తి, "ఆయ్, హోల్డ్ చెయ్యండి బాబూ, పిలుస్తాను" అని రిసీవరు పక్కన పెట్టి, వీధి చివరిదాకా వినబడేలా కేకేసేవారు. ఆవిడకి వచ్చిన ఇంగ్లీషు అంతే. ఫోను మీద లేసు గుడ్డ ఒకటి కప్పి ఉంచేవారు. తడి చేతుల్తో ముట్టుకుంటే కోడలినని కూడా చూసేవారు కాదు.

ఎదురింటావిడ నా ఈడుదే. వాళ్ళాయన గోదావరిలో పడవ నడుపుకునేవారు, తర్వాత మస్కట్‌లో భవనాల పనికి వెళ్ళారు. శుక్రవారం వస్తే చాలు, ఆయన ఫోను తప్పేది కాదు. అలాంటిది ఒక శుక్రవారం రాలేదు. తర్వాతి వారమూ రాలేదు. ఈలోగా సెలవు మీద వచ్చిన పక్కూరి మనిషొకడు, అక్కడెవరో మనవాడే పైనుంచి పడ్డాడట, బతికేడో లేదో తెలీదట అని చెప్పి పోయాడు. పేరు కనుక్కోలేదు మహానుభావుడు! ఆమె పొద్దున్నే వచ్చి "ఏవన్నా మోగిందాండీ?" అని అడిగి, రొయ్యల తలలు తీసే షెడ్డుకి పనికి పోయేది. సాయంత్రం వచ్చి మళ్ళీ అదే అడిగేది.

ఒక మంగళవారం మధ్యాహ్నం మోగింది. నేనే తీశాను. అవతల ఎవరిదో కొత్త గొంతు, వేరే దేశం యాసలో ఇంగ్లీషు. మస్కట్ ఆసుపత్రి అన్నాడు. ఎదురింటావిడ పేరు చెప్పి, ఉందా అని అడిగాడు. ఆమె భర్త ఎలా ఉన్నారు, ప్రాణంతోనే ఉన్నారా అని, వచ్చిన ఇంగ్లీషంతా పోగేసి అడిగాను. "హోల్డ్ ప్లీజ్" అన్నాడు. అంతే, ఇక చప్పుడు లేదు.

"ఏవన్నారమ్మా?" అన్నారు అత్తగారు.

"హోల్డ్ చెయ్యమన్నారండీ. ఆసుపత్రట."

"మంచికా, చెడ్డకా?"

"తెలీదండీ."

ఆ రోజు ఆవిడ కేక వెయ్యలేదు. మోకాళ్ళ నొప్పుల మనిషి, చెప్పులైనా వేసుకోకుండా షెడ్డు వైపు పరుగందుకున్నారు. నేను రిసీవరు రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాను. బట్టీ పట్టిన అర్థాలు ఏ మూలకొస్తాయి? తెగిపోకే తల్లీ, తెగిపోకే అని ఆ తీగనే బతిమాలుకున్నాను.

ఎదురింటావిడ రొప్పుతూ వచ్చింది. మోచేతుల దాకా రొయ్యల నీళ్ళు. గుమ్మంలోనే ఆగిపోయి, "చేతులు కంపండీ" అంది. కంపు సంగతి కాదు, ఆ ఫోను దగ్గరికి రావడానికే ఆమెకి భయం వేసింది.

"కంపూ లేదు గింపూ లేదు, పట్టుకోవే!" అని వెనకాలే వచ్చిన అత్తగారు కసిరారు.

పట్టుకుంది. "ఏవండీ?" అంది ఒక్కసారి. కళ్ళు మూసుకుని రిసీవరుని చెంపకి అదుముకుంది. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. అయిపోయింది, చెప్పేశారు అనుకుని నేనూ ఏడ్చేశాను. కాసేపటికి లైను కట్టయింది. ఆమె మాత్రం రిసీవరు వదల్లేదు.

అత్తగారు ఆమె భుజం మీద చెయ్యి వేసి, "ఏవన్నారే?" అని అడిగారు.

"ఏవీ అన్లేదండీ పిన్నిగారూ" అంది. "ఏడ్చేరండీ. ఆయనేనండీ ఏడ్చింది."