చీటీలో వచ్చిన పక్కిల్లు

మొన్న మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చానో లేదో గేటు చప్పుడైంది. ఈ ఇంటి గేటు కొట్టేవాళ్ళు ఈ మధ్య లేరు కాబట్టి, గాలేమోలే అనుకుని కాసేపు కదల్లేదు. మళ్ళీ కొడితే లేచి వెళ్ళాను. హెల్మెట్ తీయకుండానే ఓ డెలివరీ మనిషి అట్టపెట్టె నా చేతిలో పెట్టి, "ఆ ఇంటోళ్ళు లేరు అంకుల్. ఫోన్ చేస్తే పక్కింట్ల ఇయ్యమన్నరు" అని బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. పక్కిల్లంటే ఎవరా అని నేను కాసేపు అటూ ఇటూ చూశాను. అటువైపున్న ఇంటికి ఏళ్ళుగా తాళమే. ఇటువైపు ఇంట్లో విమానాశ్రయంలో పనిచేసే ఒక జంట ఆర్నెల్లుగా కిరాయికి ఉంటోంది. అంటే వాళ్ళకు పక్కిల్లు నేనే. ఈ ముక్క అర్థం కావడానికి అంతసేపు పట్టిందంటే, నేను ఎలా బతుకుతున్నానో మీరే ఊహించుకోండి. ఉద్యోగమంతా సిటీ బస్సులో కండక్టరుగా చేసి, "జరగండమ్మా, లోపలికి జరగండి" అని అరిచిన గొంతు ఇది. ఇప్పుడు జరగమనడానికి ఇంట్లో కుర్చీలు తప్ప ఎవరూ లేరు.

మా ఊరు ఇప్పుడు లేదు. మా ఇల్లున్న చోట రన్‌వే ఉందో, కార్లు నిలిపే స్థలముందో నాకు కచ్చితంగా తెలియదు. తెలిసినట్టు చెప్పేవాళ్ళను నేను నమ్మను కూడా. ఆ పాత ఇంటికీ ఖాలా వాళ్ళింటికీ మధ్య ఒక మట్టిగోడ ఉండేది. ఆమె మాకు చుట్టం కాదు, మతం కూడా వేరే, అయినా మా అమ్మ ఆమెను అక్కా అనేది, మేమంతా వాళ్ళ భాషలో పెద్దమ్మ అన్నట్టు ఖాలా అనేవాళ్ళం. ఆ గోడలో ఓ చోట మట్టి రాలి, చెయ్యి పట్టేంత సందు ఏర్పడింది. ఉప్పు, చల్ల, అగ్గిపెట్టె, ఊళ్ళో ఎవరి కోడలు ఎవరి మీద అలిగిందన్న వార్త, అన్నీ ఆ సందులోంచే అటూ ఇటూ తిరిగేవి. దాన్ని పూడ్చాలని మా బాపు ప్రతి ఎండాకాలం అనేవాడు, వానలు పడగానే మరిచిపోయేవాడు. నాకు తెలిసి ఆయన కావాలనే మరిచిపోయేవాడు.

విమానాశ్రయానికి భూములు పోయి, ఊరు లేచి, మాకు ఈ కాలనీలో జాగాలిచ్చేటప్పుడు చీటీలు తీశారు. ఎవరికీ అన్యాయం జరగకూడదని అలా చేశారు, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. బడి ఆవరణలో ప్లాస్టిక్ బకెట్టు పెట్టి, చీటీలు మడిచి వేసి, కలిపి తీశారు. చీటీలతో పాటు ఊరు కూడా కలగలిసిపోయింది. ఖాలాకు కాలనీ ఆ చివర వచ్చింది, మాకు ఈ చివర. మా పక్కకు గొర్లు కాచే ఇంటివాళ్ళు వచ్చారు. ఊరు ఒకటే గానీ వాళ్ళ వాడ వేరు. ఎదురుపడితే తల ఊపుకోవడమే తప్ప గడప తొక్కిన వాళ్ళం కాదు. ఆ ఇంటావిడను ఏ వరుసతో పిలవాలో తెలియక నేను మొదట్లో దగ్గి పిలిచేవాణ్ణి. కొత్త ఇంటికి సిమెంటు గోడ. అందులో చీమ దూరే సందు కూడా లేదు. మా అమ్మ పొద్దున్నే లేచి ఆ గోడవైపు చూస్తూ నిలబడేది, ఉప్పు నిండుకున్నదానిలా.

ఇల్లు మారిన ఏడు వానాకాలంలోనే మా బాపు పోయాడు. కాలనీకి వచ్చాక జరిగిన మొదటి చావు అది. అందుకే ఆ తర్వాత జరిగిన పొరపాటు కూడా జరిగింది. మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. చావు జరిగిన ఇంట్లో ఆ రోజు పొయ్యి ముట్టించరు. మొదటి ముద్ద పక్కింటి నుంచి రావాలి. చుట్టాలు గానీ, కులంవాళ్ళు గానీ, ఎంత పెద్దవాళ్ళయినా గానీ, పక్కింటి గిన్నె వచ్చి దిగాకే తమది తేవాలి. అంతకుముందే ఎవరైనా తెచ్చారంటే, "ఏం, మేం సచ్చినమా?" అని పక్కింటివాళ్ళు పండగలు గడిచినా మాట్లాడరు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ దీనితో ఏ పేచీ లేదు, ఎందుకంటే ఎవరి పక్కిల్లేదో తాతల నాడే తేలిపోయింది.

దహనం ముగించి, స్నానాలు చేసి వచ్చి కూర్చున్నాం. జనం వచ్చారు, ఏడ్చారు, లేచి వెళ్ళారు. పొద్దు వాలింది. గిన్నె రాలేదు. ఆడవాళ్ళు గేటు దాకా వచ్చి, వరండాలోకి తొంగి చూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోవడం నేను చూశాను. ఎందుకో అర్థం కాలేదు. నా కూతురు అప్పటికి చిన్నపిల్ల. అన్నం అన్నం అని ఏడ్చి ఏడ్చి నా భార్య ఒళ్ళో నిద్రపోయింది. మా అమ్మ పొద్దుటి నుంచి ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. స్తంభానికి ఆనుకుని, తలుపువైపే చూస్తూ కూర్చుంది. చివరికి నాతో మెల్లగా, "మనకు పక్కిల్లు లేకుంట పోయింది కొడుకా" అంది. బాపు పోయినప్పుడు కాదు, ఆ మాట విన్నాకే నాకు దిక్కులేదనిపించింది. చావింట్లో మొదటి ముద్ద రాలేదంటే, మేం ఎవరికీ ఏమీ కామన్నట్టే కదా. జాగా ఇచ్చారు, గోడలు లేచాయి, కరెంటు కూడా వచ్చింది. ఇంతమందిలో మాకెవరూ లేరని ఆ సాయంత్రమే తెలిసింది.

అమ్మ లేచింది. పెరట్లో కట్టెల పొయ్యి ముందు కూర్చుని అగ్గిపుల్ల గీసింది. నేను వద్దనబోయి ఊరుకున్నాను, పిల్ల ఆకలి ముందు పద్ధతి ఏపాటిది! తడికట్టెలు, పొగ బాగా లేచింది. ఆ పొగ సిమెంటు గోడ దాటిందో లేదో అటునుంచి కేక వినిపించింది. "గిదేంది అత్తా, పొయ్యి ముట్టిస్తున్నవ్!" అంతకుముందు ఆవిడ మా అమ్మను ఏ వరుసతోనూ పిలిచి ఎరగదు. ఆ కేకలోనే మా అమ్మ ఆమెకు అత్తయింది, ఆమె నాకు వదినయింది. చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది, చేతిలో మూతపెట్టిన సత్తు గిన్నె. అన్నం, పచ్చిపులుసు. ఎప్పుడో చల్లారిపోయి ఉన్నాయి. "ఎప్పుడో వండి పెట్టిన. ఇన్నేండ్ల సంది ఖాలానే గద మీ పక్కిల్లు. ఆమె కన్న ముందు నేనొస్తే, ఆమె హక్కు గుంజుకున్నట్టయితదని ఆగిన" అని ఏడుపుగొంతుతో చెప్పింది.

ఎవరు కబురు మోశారో గానీ, కాసేపటికి ఆ చివర్నుంచి ఖాలా కూడా వచ్చింది, రొప్పుతూ, ఆమె చేతిలోనూ ఒక గిన్నె. "నేనూ వండి కూసున్న చెల్లే. ఇప్పుడు నీ పక్కిల్లు వేరే అయింది. వాళ్ళను కాదని ఎట్ల రావాలె? బురా అనుకుంటరని పరేషాన్ అయిన" అంది. వాళ్ళ వెనకే ఒకరొకరుగా తక్కినవాళ్ళు. అందరి చేతుల్లోనూ గిన్నెలే! కాలనీ అంతా వండుకుని, మొదటి గిన్నె ఎప్పుడు దిగుతుందా అని ఎవరింట్లో వాళ్ళు కూర్చున్నారన్నమాట. పద్ధతి తప్పకూడదని అందరూ కలిసి మమ్మల్ని పస్తుంచారు. వరండా నిండా గిన్నెలు. మా అమ్మ వాటిని చూసింది, ఇద్దరు పక్కింటివాళ్ళనూ చూసింది. "మీ మర్యాదలు సల్లగుండ! నా మనుమరాలు ఆకలితోని పన్నదే" అని, అప్పుడు బావురుమంది. ఖాలా ఒకవైపు, వదిన ఒకవైపు పట్టుకున్నారు. ఏడ్చి, ముఖం తుడుచుకుని, రెండు గిన్నెల్లోంచీ ఒక్కో ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. "ఇగ నుంచి గిక్కడ ఎవరి గిన్నె ముందొస్తే వాళ్ళే పక్కిల్లు. ఎవ్వరు ఎవ్వరికోసం ఆగొద్దు" అంది. బాపు పోయిన రోజే ఆమె కాలనీకి చట్టం చేసింది. ఆ తర్వాత ఏ ఇంట్లో ఏడుపు వినిపించినా, పొయ్యి మీద ఎసరు పెట్టాకే ఎవరు పోయారని అడిగేది. మనుషుల్ని చీటీలు విడదీస్తే, గిన్నెలు మళ్ళీ ఒకచోట చేర్చాయి. చాలా ఏళ్ళు ఇది ఊరే అనిపించింది.

తర్వాత ఏమైందంటే, ఏమీ కాలేదు, రోజులు గడిచాయి, అంతే. ఖాలా పోయింది. ఆమె ఇంటికి మొదటి గిన్నె మా అమ్మే మోసింది, మోకాళ్ళు సహకరించకపోయినా. తర్వాత అమ్మ పోయింది. వదిన వాళ్ళు ఇల్లు అమ్మేసి, గొర్లకు మేత దొరికే చోటు చూసుకుని మహేశ్వరం అవతలికి వెళ్ళిపోయారు. ఒక్కో ఇల్లూ కిరాయికి పోయింది. కిందటేడు నా భార్య పోయినప్పుడు పొద్దు వాలినా ఎవరూ రాలేదు. తప్పు వాళ్ళది కాదు, ఈ వీధిలో ఆమెను ఎరిగినవాళ్ళే మిగల్లేదు. నా కూతురు ఫోన్లో భోజనం తెప్పించింది. ఆనాడు ఆకలితో నిద్రపోయిన పిల్లే. తెచ్చినతను దారి దొరక్క రెండుసార్లు ఫోన్ చేశాడు. పొట్లం విప్పితే అన్నం వేడిగానే ఉంది. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

మొన్న సాయంత్రం పక్కింటి అమ్మాయి ఆ అట్టపెట్టె కోసం వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. అడగొచ్చో లేదో అనుకుంటూనే అడిగాను. "మా అమ్మమ్మ పోయారండి అంకుల్. ఇందాకే తెలిసింది. ఆయన డ్యూటీ దిగి రాగానే పొద్దున్నే బయల్దేరతామండి" అంది. పెట్టె తీసుకుని వెళ్ళిపోయింది. ఒకప్పటి వదిన ఇల్లే అది. ఆ ఇంట్లో లైటు వెలగలేదు.

నేను వంటింట్లోకి వెళ్ళి ఎసరు పెట్టాను. పెట్టాక సందేహం వచ్చింది. వాళ్ళది శ్రీకాకుళం వైపు, వాళ్ళ పద్ధతులేమిటో, ముసలాడు ఇదేం చాదస్తం అనుకుంటారేమో. ఇంతలో నెత్తిమీంచి విమానం వెళ్ళింది, కిటికీలు గడగడలాడాయి. అది వెళ్ళేదాకా ఆగడం మా అందరికీ అలవాటు. ఆగాను. అది వెళ్ళిపోయాక అమ్మ మాటే మిగిలింది, ఎవ్వరు ఎవ్వరికోసం ఆగొద్దని. పప్పూ అన్నం గిన్నెలో సర్ది, మూత పెట్టి, పట్టుకెళ్ళాను. "ఎందుకండీ మీకు శ్రమ, మేం ఏదో ఆర్డర్ పెట్టుకుంటాం కదండీ" అంది ఆ అమ్మాయి. "పెట్టుకో బిడ్డా. గా ఆర్డరు వచ్చేదాక జర ఇది తిను. మా దిక్కు మొదటి ముద్ద పక్కింట్లకెల్లే రావాలె" అన్నాను. ఆమె గిన్నెను రెండు చేతులా పట్టుకుని, "మా ఊళ్ళోనూ అంతేనండీ" అంది, అంటూనే ఏడ్చేసింది.

ఇప్పుడు ఆ గేటుకు తాళం ఉంది. ఎప్పుడొస్తారో చెప్పలేదు, నేనూ అడగలేదు. గిన్నె లోపలే ఉండిపోయింది. ఎన్నో ఏళ్ళ తర్వాత నా ఇంటి గిన్నె ఒకటి ఇంకో ఇంట్లో ఉంది. రోజులు ఎలా గడుస్తాయా అనుకునే నేను, అది తిరిగొచ్చే రోజు కోసం ఎదురుచూస్తున్నాను.