విశ్వకర్మ పూజనాడు కంప్రెసర్

బళ్ల చక్రాల నట్లు విప్పడానికి నా దగ్గర గాలితో తిరిగే ఇంపాక్ట్ రెంచ్ ఉండేది. దాని కోసం ఎనభైల్లో ఒక పాత కంప్రెసర్ కొని, భిలాయి సెక్టర్ 6లో మా క్వార్టర్ వెనక రేకుల షెడ్డులో పెట్టాను. మోటారు చప్పుడు బాగుందని కొన్నాను. ట్యాంకు అడుగు చూడలేదు.

విశ్వకర్మ పూజనాడు భిలాయిలో ఎవరూ యంత్రం నడపరు. ముందురోజే ట్యాంకు నిండా గాలి పట్టించాను. పొద్దున్నే దానికి పసుపు రాసి, దండ వేసి, షెడ్డు తలుపు మూశాను. మధ్యాహ్నం, పక్కింటాయన మా ఇంట్లో భోంచేస్తుండగా, షెడ్డులో కంప్రెసర్ దానంతటదే మొదలైంది.

"ఏటండీ, లోపలెవరున్నారు?" అంది మా ఆవిడ.

"ఎవరూ లేరు. గాలి తగ్గితే అదే నడుస్తాది, నిండగానే ఆగిపోతాది."

ఎంతసేపటికీ ఆగలేదు.

లేవబోతుంటే పక్కింటాయన చెయ్యి పట్టుకున్నాడు. "భయ్యా, ఇవాళ స్విచ్చి ముట్టుకోకు. అపచారం."

"ట్యాంకు పేలితే అపచారం కాదేటి? ఆ గోడవతల మీ వంటిల్లే కదా!" అంది మా ఆవిడ.

వరండాలో మెయిన్ స్విచ్చి దించాను. మోటారు ఆగింది. ఊపిరి మాత్రం ఆగలేదు. మూసిన తలుపు వెనక ఎవరో తీరిగ్గా గాలి వదులుతున్నట్టుంది. షెడ్డు కిటికీలోంచి చూస్తే, ఆకైనా కదలని ఆ ఉక్కపోతలో బంతిపూల దండ ఊగుతోంది. అది ఆగేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డాం.

లోపలికి వెళ్లి ట్యాంకు అడుగున వేలితో నొక్కాను. గాలిలోని తేమ అడుగున చేరి నిలిచిన నీటికి తుప్పుపట్టిన రేకు తడిసిన అట్టలా లోపలికి పోయింది.

ప్రమాదం తీరినా, పక్కింటాయన గోడ దగ్గరికి వెళ్లి, అవతల వంటింట్లో ఉన్న భార్యను పిలిచాడు. ఆమె పలికేదాకా మేం కదల్లేదు.