యారాలి కుండ పులుపు

మొన్న జ్యోతినగర్‌ల మా చిన్నమ్మ ఫ్రిజ్ తలుపు తీసిందో లేదో, పులిసిన జొన్నపిండి వాసన వచ్చి నా ముక్కుకు పాత పగ లెక్క తగిలింది. గాజు డబ్బాల అంబలి, పక్క డబ్బాల రాత్రి వండి చల్లార్చిన అన్నం, ఇంకోదాంట్ల సల్లల నానేసిన సద్ది. "చల్లారిన అన్నంల పిండి జల్ది అరగదట బిడ్డా, పేగుల దాకా పోయి ఆడుండే మంచి క్రిములకు తిండి అయితదట. పులిసిందైతే ఇంకా మంచిదట, డాక్టర్ చెప్పిండు" అని నాకు పాఠం మొదలుపెట్టింది. ఏడో తరగతిలనే బడికి దండం పెట్టి కుట్టుమిషన్ ఎక్కినదాన్ని, నాకు పాఠాలంటే అప్పటిసంది పడదు. ఈమె నోట వచ్చే పాఠమైతే అసలే పడదు. ఎందుకంటే మా ఇంట్ల ఆ మంచి క్రిములను పిల్లాజెల్లాతో సహా చంపింది ఈ మహాతల్లే.

మేముండేది గోదావరిఖనిల కంపెనీ క్వార్టర్ల. ఎండకాలం వచ్చిందంటే గోడలు పొయ్యి మీది పెనం లెక్క కాగేటివి, దండెం మీది బట్టలు ఆరేలోపే బొగ్గుదుమ్ము పట్టి మళ్ల ఉతుకుడుకే వచ్చేటివి, మేం పిల్లలం గోటీలు, చిర్రగోనె ఆడి కాకిపిల్లల లెక్క ఇంటికొస్తే మా నాయినమ్మ తలుపుకాడనే ఆపి, చెంబెడు చల్లటి అంబలి చేతుల పెట్టి, కొరుక్కోను పచ్చి ఉల్లిగడ్డ ఇచ్చి, అది తాగినంకనే లోపలికి రానిచ్చేది. వానకాలం పొద్దుగాల, రాత్రి మిగిలి గడ్డకట్టిన మక్క గటకను చేత్తో చిదిమి, సల్ల పోసి, ఎల్లిపాయ కారం అంచుకు పెట్టేది. బతుకమ్మ పండుగకు సత్తుపిండి, మలీద ముద్దలు మింగి మింగి కడుపు డప్పు లెక్క ఉబ్బితే, దానికి మందు కూడా ఆ అంబలి కుండల్నే ఉండేది.

ఆ కుండ సంగతి చెప్పాలె. అది నాయినమ్మ అత్తది. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు భూమిని, బర్లను పంచుకున్నట్టే, కుండల పులుపును కూడా కోడండ్లిద్దరు చెరి సగం పంచుకున్నరట. కుండ నాయినమ్మకొచ్చింది, సగం పులుపు ఇంకో కుండలకెక్కి ఆమె యారాలు బుచ్చవ్వ ఇంటికి పోయింది. రోజూ మాపటేళ నాయినమ్మ అడుగున ఉన్న పులుపుల జొన్నపిండి కలిపి మూత పెట్టేది, తెల్లారి ఆ పిండిని మసిలే నీళ్లల్ల పోసి తిప్పేది, పోసేముందు మాత్రం అడుగున కొంత పులుపును వదిలేది. కుండను బయట తుడిచేది గానీ లోపల ఎన్నడూ కడిగేది కాదు. లోపల దాని సంసారం దానిది అనేది.

మా బాపు గని లోపల పనిచేసేటోడు. ఒక వారం ఒక షిఫ్టు, ఇంకో వారం ఇంకో షిఫ్టు, తిండీ నిద్రా తలకిందులై కడుపుల పుండు పడ్డది. అన్నం తింటే మంట, రొట్టె తింటే మంట. ఇమిడేది ఆ అంబలి ఒక్కటే. అది తాగితేనే డ్యూటీ.

చిన్నమ్మ అంటే మా బాపు తమ్ముని భార్య. ఇంజనీర్ల క్వార్టర్ల పెరిగి కొత్తగా కోడలై వచ్చింది. మేమందరం పోచమ్మకు బోనం తీసుకపోయిన సందుల, ఇంట్ల ఏదో కుళ్లిన వాసన వస్తుందని వెతికి, ఆ కుండను పట్టుకొని, సోడా వేసి, సలసల కాగే నీళ్లు పోసి, పీచుతో రుద్ది రుద్ది, ఎండల బోర్లించింది. మేమొచ్చేవరకు కుండ పెండ్లికూతురు లెక్క మెరుస్తుంది.

నాయినమ్మ కుండల ముక్కు పెట్టి చూసింది. "పీనుగుకు స్నానం పోసినట్టు పోసినవు గదనే!"

"మంచికే చేసిన అత్తమ్మా. గట్ల మురికి తింటే రోగాలొస్తయ్."

"వచ్చింది గదనే రోగం, చీర కట్టుకొని."

అమ్మ పెరుగు తోడేసి చూసింది, పక్కింటోళ్ల పులుపు తెచ్చి చూసింది. ఏది తాగినా బాపు కక్కుడే. డ్యూటీకి నాగాల మీద నాగాలు పడుతున్నయ్, మేస్త్రీ మనిషిని పంపి "ఇంక గిట్లనే అయితే నౌకరి మీదికొస్తది" అని చెప్పిచ్చిండు. ఇక ఆ పులుపు ఉన్న చోటు భూమ్మీద ఒక్కటే, కమాన్‌పూర్ దిక్కు మా ఊర్ల బుచ్చవ్వ కుండ. ఆ బుచ్చవ్వకు మా నాయినమ్మకు పొలం గెట్టు కాడ కొట్లాటై మాటలు బందైంది నేను పుట్టకముందు సంగతి. నువ్వు చస్తే నేను రాను, నేను చస్తే నువ్వు రావద్దు అని ఒకరికొకరు ఒట్లు వేసుకున్నోళ్లు.

కొడుకు కోసమని నాయినమ్మ నన్ను వెంటేసుకొని పోయింది. మా దిక్కు పులుపు అడిగితే పగోళ్లకైనా లేదనరు. కానీ దీపం పెట్టినంక ఎవ్వరూ ఇయ్యరు. బుచ్చవ్వ ఆ రెండో మాటను పట్టుకున్నది. మమ్మల్ని వాకిట్ల నిలబెట్టి, పొద్దు గూట్లె పడేదాక బర్రెను కడుగుకుంట కూసున్నది. మనుషులతోని మాట్లాడదు గదా, బర్రెతోని మాట్లాడింది.

"ఏమే బర్రే, ఫ్యాను కింద పండేటోళ్లకు మన మట్టికుండ ఇయ్యాల ఎందుకు యాదికొచ్చిందే?"

నాయినమ్మ నా దిక్కు తిరిగింది. "బిడ్డా, ఆ బర్రెకు చెప్పు. ఫ్యాను నాది, పులుపు మా అత్తది, ఎవ్వల అబ్బ సొత్తు కాదని."

"గెట్టు జరిపినోళ్లకు అత్త ఇప్పుడు యాదికొచ్చిందా బర్రే?"

"జరిపిన గెట్టు మీదనే ఆ బర్రె మేస్తుందని చెప్పు బిడ్డా."

బర్రె తోక ఊపింది. అది ఎవరి దిక్కు ఊపిందో నాకిప్పటికీ తెల్వదు. నాకు నవ్వాగలే, నాయినమ్మ నా నెత్తి మీద ఒక్కటి ఇచ్చింది. ఇంకాసేపైతే దీపం పెడ్తరనంగ బుచ్చవ్వ లోపలికి పోయి, గురిగి నిండ పులుపు తెచ్చి, చేతికియ్యకుండ నేల మీద పెట్టింది. "కొడుకు బతకాలె. తల్లి సంగతి నాకు తెల్వదు" అన్నది బర్రెతోనే. నాయినమ్మ గురిగెత్తుకొని నడిచింది. ఊరు దాటినంక మొదలుపెట్టిన తిట్లు క్వార్టర్ వచ్చినా ఒడవలే.

కుండ మళ్ల పులిసింది. వారం తిరగకముందే బాపు డ్యూటీ ఎక్కిండు.

ఇప్పుడు ఆ ఊరు లేదు, ఓపెన్‌కాస్ట్ గని కింద పోయి గుంతైంది. మా క్వార్టర్ల లైను కూల్చేసిన్రు. నాయినమ్మ పోయిన రోజు మైల అని ఇంట్ల మట్టికుండలన్నీ బయట పగలగొట్టిన్రు, వాటిల్నే అంబలి కుండా పోయింది, ఏడుపులల్ల ఎవ్వరికీ సోయి లేదు. అందుకే మొన్న చిన్నమ్మ ఇంట్ల గుక్కెడు తాగకుండ లేచి, ఆ మంట మీదనే బుచ్చవ్వను వెతుక్కుంట పోయిన. ఊరు పోయినోళ్లకిచ్చిన కాలనీల, రేకుల కింద, మంచంల ఉన్నది. నేనెవలనో చెప్పి, పులుపు కావాలన్న.

"యాడిదే? ఊరు ఖాళీ చేసినప్పుడు ట్రాక్టర్ల కుండ పగిలింది."

"అప్పటికి మా నాయినమ్మ బతికే ఉండె గదా! వచ్చి అడిగితే ఇయ్యకపోవునా?"

ముసల్ది గోడ దిక్కు మళ్లింది.

"ఇస్తదని తెలుసు బిడ్డా. అందుకే పోలే."