నవంబరులో పేలిన జాడీలు

ఆస్ట్రేలియావాళ్లకు నాలుక మొలిపించింది మా అమ్మమ్మే. అంతకుముందు వాళ్లు తినేవారు గానీ, ఏం తింటున్నారో వాళ్లకే తెలిసేది కాదు. కాంప్సీ స్టేషన్ పక్కన ఆమె హోటల్లో కూర్చున్నవాళ్లను ఎవరినైనా అడగండి. కాదన్నవాళ్లకు రెండోసారి పులుసు పొయ్యదు.

అమ్మమ్మ పేరు ఓక్‌బున్. డెబ్బై ఎనిమిదేళ్లు, నాలుగున్నర అడుగులు, రైలు కూతను మింగేసే గొంతు. పదో తరగతితో బడికి దణ్ణం పెట్టి ఆమె వంటింట్లో చేరాను కాబట్టి రోజూ ఆమె గొప్పలు నాకు తప్పవు. వాటిలో పెద్దది, "ఈ హోటలు నా తెలివితో పుట్టింది" అన్నది. అబద్ధం. ఆమె మొండితనంతో పుట్టింది. అందుకు మా అమ్మే సాక్షి.

1987లో అమ్మమ్మ, తాతయ్య, తొమ్మిదేళ్ల అమ్మ కొరియా నుంచి ఇక్కడికి వచ్చి, దిమిత్రియు అనే గ్రీకు ముసలావిడ ఇంట్లో ఒక వాటా అద్దెకు తీసుకున్నారు. నవంబరు రాగానే అమ్మమ్మ ఎనభై క్యాబేజీలు దింపించింది. అక్కడి అలవాటు ప్రకారం చలి ముదరకముందే ఏడాదికి సరిపడా కిమ్చీ, అంటే పులియబెట్టిన క్యాబేజీ పచ్చడి పెట్టి, జాడీలు నేలలో పాతెయ్యాలి కదా మరి!

"ఇక్కడ నవంబరంటే ఎండాకాలమే. నా చొక్కా చూడు, పిండితే చెంబెడు నీళ్లొస్తాయి," అన్నాడట తాతయ్య.

"క్యాలెండర్లో నవంబరని ఉందా లేదా? నోరు మూసుకుని గొయ్యి తవ్వు."

తవ్వాడు. దిమిత్రియు గులాబీ మొక్కలు పీకి మరీ తవ్వాడు.

పదో రోజున పచ్చడి ఎండకు పులిసి పొంగి, ఢామ్మని ఒక జాడీ మూత ఎగిరింది. మధ్యాహ్నానికి మరో మూడు. వీధంతా ముక్కు మూసుకుంది. గ్యాసు లీకయిందని ఎవరో ఫోన్ చేస్తే ఫైరింజను కూడా వచ్చింది. వెనకే దిమిత్రియు ఊగిపోతూ వచ్చింది.

"ఆదివారంలోగా ఈ శవాన్ని తీసెయ్యండి. లేదా ఇల్లు ఖాళీ చెయ్యండి!"

ఇంట్లో ఇంగ్లీషు వచ్చింది అమ్మకొక్కదానికే. విషయం చెప్పింది.

"దాని మేక జున్ను కంపు నేను భరించట్లేదా? అదే చెప్పు దానికి," అంది అమ్మమ్మ.

అమ్మ దిమిత్రియు వైపు తిరిగి, "మీ గులాబీలు చాలా బాగున్నాయంటోంది మా అమ్మ," అంది.

దిమిత్రియు గొయ్యి వంక చూసింది. తర్వాత ఆమె అన్న మాటలను అమ్మ ఈనాటికీ ఎవరికీ చెప్పలేదు.

ఆ వాటా దొరకడానికే మూడు నెలలు పట్టింది. అది పోతే పిల్లతో వీధిన పడాలి. తాతయ్య పారేద్దామన్నాడు.

"తిండి పారేస్తే మీ అమ్మ సమాధిలోంచి లేచొచ్చి నా జుట్టు పట్టుకుంటుంది," అంది అమ్మమ్మ.

బాగా పులిసిన కిమ్చీకి ఒకటే దారి, పంది మాంసం వేసి పులుసు పెట్టడం. వరండాలో పెద్ద డేక్షా ఎక్కించింది. పనుల నుంచి వస్తున్న మా కొరియావాళ్లు రైలు దిగి, వాసన పట్టుకుని, అడ్రసు అడక్కుండానే వచ్చేశారు. మర్నాటికి గిన్నెలు వెంట తెచ్చుకున్నారు. ఆదివారం సాయంత్రానికి చివరి జాడీ అడుగంటింది.

దిమిత్రియు తనిఖీకి వచ్చింది. అమ్మమ్మ ఒక గిన్నె పులుసు చేతిలో పెట్టింది. ఆవిడ కన్నీళ్లు కారుస్తూ మొత్తం తాగింది. ఆ కన్నీళ్లు కారానికో గులాబీలకో తెలియదు.

"వచ్చే ఆదివారం కూడా ఉంటుందా?" అని మాత్రం అడిగింది.

అలా వెలిసింది హోటలు. ఆ తర్వాత ఏడాది నుంచి అమ్మమ్మ కిమ్చీ ఇక్కడ చలి మొదలయ్యే జూన్‌లోనే పెడుతోంది. ఎందుకని అడిగితే ఆమెకు హఠాత్తుగా చెవుడొస్తుంది.

ఇదంతా రాసి నిన్న ఆమెకే చదివి వినిపించాను.

"ఒక్కసారి ఒప్పుకో అమ్మమ్మా, తప్పు నీదేగా?"

వెల్లుల్లి ఒలుస్తూనే, తల ఎత్తకుండా అంది:

"తప్పు నాదీ కాదు, నవంబరుదీ కాదు. ఎండ ఎప్పుడు కాయాలో ఈ దేశానికే తెలీదు. నీలాగే పదితో చదువు మానేసినట్టుంది."