కుక్క లేదు, నేనున్నాను

నూజివీడు నుంచి హనుమాన్ జంక్షన్ వెళ్ళే ఎర్ర బస్సు ప్రమీలారాణి గారి మామిడితోట గేటు దగ్గర రెండో గేరులోకి దిగేది. అక్కడ స్టాపు లేదు, గుంట కూడా లేదు. గేటుకు వేలాడే నల్లబోర్డు చదవడం కోసం. కండక్టరు దాన్ని గట్టిగా చదివి వినిపించేవాడనీ, చదవడం పూర్తికాకుండా బస్సు కదిలితే ఆడవాళ్ళు దిగిపోయి మళ్ళీ ఎక్కేవాళ్ళనీ నేను చెబుతుంటాను. ఇందులో నిజం ఎంతో అడక్కండి. రెండో గేరు మాత్రం నిజం.

గేటుకు ఎదురుగా నాది సైకిల్ షాపు. ఇంటర్ మధ్యలో, కాలేజీ దగ్గర నాకు నేర్పడానికి సరుకు అయిపోయిందని బయటికి వచ్చేశాను. జిల్లా మొత్తంలో నా అంత వేగంగా పంక్చరు వేసేవాడు లేడు. ఎనభై నాలుగు నాటికి నాకు ఇరవయ్యారేళ్ళు, నోరు మాత్రం అరవయ్యేళ్ళది.

ఆ బోర్డు రాసేది తోట కాపలాదారు పున్నయ్య. ఐదో తరగతి దాకా చదివాడు. మామిడికాయల పెట్టెల చెక్కలు నాలుగు కలిపి మేకులు కొట్టి, తారు పూసి బోర్డు చేశాడు. మొదట్లో 'కుక్క ఉంది, జాగ్రత్త' అని రాయమని ప్రమీలారాణి గారే చెప్పారు. రాశాడు. తోటలో కుక్క లేదు. రెండు రోజులు అన్నం సయించలేదట. మూడో రోజు చెరిపేసి, 'కుక్క లేదు. నేనున్నాను' అని రాశాడు. దొంగలు దానికే భయపడ్డారని నా ప్రచారం.

ఆ రోజు నుంచి తన రోజును తానే రాయడం మొదలుపెట్టాడు. 'పొద్దున చద్దన్నం, ఉల్లిపాయ. మధ్యాహ్నం ఆకలి వెయ్యలేదు, తినలేదు.' 'మూడో చొక్కా ఇచ్చేశాను. రెండు చాలు.' మేనల్లుడు రేడియో ఇస్తే వారం ఉంచుకుని తిరిగిచ్చేశాడు. ఆ రోజు రాత: 'పిట్టలు వినపడటం లేదు.' ఆయన గుడిసెలో ఒక కంచం, ఒక చెంబు, లాంతరు, చాప, ఒక ట్రంకుపెట్టె. నేను వెక్కిరించేవాణ్ణి. బాబాయ్, నీ ఇంట్లో దొంగ పడితే జాలిపడి ఏదో ఒకటి పెట్టిపోతాడు అనేవాణ్ణి. నవ్వేవాడు. మర్నాడు అది కూడా బోర్డు మీద ఉండేది, నా పేరుతో సహా.

మా వైపు తోట కాపును పూత మీదే అమ్ముతారు. కాయ ఇంకా పుట్టకముందే షావుకారు వచ్చి, పూత చూసి బేరం చేసుకుపోతాడు. ఆ ఏడు బెజవాడ నుంచి బసవపున్నారావు గారు వస్తున్నారు. వచ్చే ముందు రోజు పొద్దున పున్నయ్య రాసింది ఇదీ: 'తూర్పు వరసల్లో పూతకు తేనెమంచు పురుగు పట్టింది. ఆకులు జిగటగా ఉన్నాయి.'

మధ్యాహ్నానికి ప్రమీలారాణి గారు గేటు దగ్గరికి వచ్చారు. ఆవిడ గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

"నీ తిండి రాసుకో, నీ నిద్ర రాసుకో, నేనెప్పుడైనా కాదన్నానా పున్నయ్యా? నా తోట సంగతి రోడ్డుకెందుకు?"

"ఉండేది తోటలోనే కదండీ. నా రోజులోంచి తోట తీసేస్తే ఇంకేం మిగులుద్దండీ?"

రేపు షావుకారు వచ్చేలోపు ఆ ముక్క చెరపాలి, లేదంటే గుడిసె ఖాళీ చెయ్యాలి అని చెప్పి వెళ్ళిపోయారు. పున్నయ్య ఎదురు చెప్పలేదు, చెరపనూ లేదు. పదకొండేళ్ళుగా ఆ గుడిసే ఆయన ఇల్లు.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ఆయన మొండితనం వల్ల నీడ పోతుందని నా బాధ. మర్నాడు పొద్దెక్కాక ఆయన బోరు దగ్గరికి స్నానానికి వెళ్ళగానే రోడ్డు దాటి బోర్డు తుడిచేశాను. తుడిచినవాణ్ణి తుడిచినట్టు ఊరుకోకుండా రాశాను: 'పూత బరువుకు కొమ్మలు నేలకు ఆనుతున్నాయి. పురుగు వెతికినా లేదు.' ఆయన అక్షరాల్లాగే రాశాను. ఆ విద్య కూడా నాకుంది.

బసవపున్నారావు గారు జీపు ఆపి బోర్డు చదివారు. తోటలోకి అడుగుపెట్టలేదు. "పున్నయ్య రాశాక నేను చూసేదేముంది," అని డ్రైవరుతో అంటూ నేరుగా ప్రమీలారాణి గారింటికి పోయారు, భోజనమయ్యాక బేరం తేల్చుకోవడానికి. నేను కాలరెగరేసి సైకిల్ చక్రం తిప్పుతూ కూర్చున్నాను.

పున్నయ్య తడిబట్టలతో వచ్చి, బోర్డు చదివాడు. తర్వాత నా షాపుకొచ్చి నా వేళ్ళు చూశాడు. సుద్ద అంటుకుని ఉంది.

"అక్షరాలు గుండ్రంగా రాశావురా," అన్నాడు.

నీ కోసమే బాబాయ్ అన్నాను. గుడిసె దక్కుతుంది, ఎవరికీ తెలీదు అన్నాను. పక్కనే ఉన్న టైరు మీద కూర్చున్నాడు.

"రాయడానికి సిగ్గేసే పని ఇవాళ చెయ్యకూడదు. పొద్దున లేవగానే నేననుకునేది అదొక్కటేరా. నాకున్నవన్నీ ఇచ్చేశాను చూడు, ఇచ్చెయ్యకుండా ఉంచుకున్నది ఇదే."

వేళ్ళకున్న సుద్ద లుంగీకి తుడుచుకున్నాను.

ఆయన లేచివెళ్ళి బోర్డు తుడిచి రాశాడు: 'పొద్దున ఇక్కడున్నది నా రాత కాదు. తూర్పు వరసల్లో పురుగు ఉంది. ఇప్పుడే మందు కొడితే సగం కాపు దక్కుతుంది.' ఎవరి రాతో రాయలేదు. ఎప్పుడూ నా పేరు రాసే మనిషి, ఆ రోజు రాయలేదు. తర్వాత ప్రమీలారాణి గారింటికి వెళ్ళి, బేరం కుదరకముందే బోర్డు ఒకసారి చూసుకోమని షావుకారుతో చెప్పి వచ్చాడు.

బసవపున్నారావు గారు ఈసారి నడుచుకుంటూ తూర్పు వరసల్లోకి పోయారు. ఒక పూతగుత్తి దులిపి, అరచేయి చూసుకున్నారు. మందు కొట్టించాక చూద్దామని జీపెక్కేశారు. ప్రమీలారాణి గారు గేటు దాకా వచ్చి, పున్నయ్య వైపు చూసి, సాయంత్రంలోగా అని ఒక్కమాట అన్నారు.

సాయంత్రం దాకా అక్కర్లేకపోయింది. నేనొక పంక్చరు వేసేలోపు ఆయన ఇల్లు ఖాళీ అయిపోయింది. ట్రంకుపెట్టె, చాప, లాంతరు, అన్నీ సైకిల్ క్యారియరు మీద సరిపోయాయి. పదకొండేళ్ళ కాపురం. నేను వెక్కిరించిన లేమి అంతా ఆ పూట ఆయనకు ఎంత తేలికయిందో నా కళ్ళతో చూశాను. మా ఇంట్లోంచి నన్ను పొమ్మంటే సామాను సర్దడానికే నెల పడుతుంది, ఆ నెలలో నేను ఎవరు చెప్పినదైనా రాసేస్తాను.

బోర్డు మాత్రం సైకిల్ మీద పట్టలేదు. నేను నెత్తిన పెట్టుకున్నాను. బాపులపాడు దగ్గర శకుంతల టీ కొట్టు దాకా మోశాను. దూరం ఎంతన్నది చెబితే నా నోట్లో పెరుగుతుంది, చెప్పను. శకుంతల ఆయనకు కొట్టు వెనక చోటిచ్చింది. దారంతా ఒప్పుకుందామనుకుంటూనే నడిచాను. చివరికి బోర్డు దించుతూ, తప్పయింది బాబాయ్ అన్నాను. తలూపాడు.

ఆ తోటకు వారంలోనే మందు కొట్టించారు. సగానికి పైగా కాపు దక్కింది. ఆయన్ని మళ్ళీ పిలవలేదు. అయితే జంక్షన్‌కు వెళ్ళేటప్పుడు ప్రమీలారాణి గారి కారు టీ కొట్టు ముందు నెమ్మదించేది. అద్దం దించేవారు, చదివేవారు, వెళ్ళిపోయేవారు.

అక్కడ ఆయన రాసిన మొదటి రాత నాకు కంఠతా వచ్చు. ఒక్క అక్షరం పెంచకుండా చెబుతున్నాను:

'కొత్త చోటు. రోడ్డు మోత ఎక్కువ. టీ బాగుంది. బోర్డు మోసినవాడు దారిలో ఒక్క కోత కూడా కొయ్యలేదు.'