ఎర్రగీత, మామ్మ మోచెయ్యి

ఉద్యోగం వచ్చిన కొత్తలో లోకమంతా మన సంతకం కోసమే ఆగి ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ రోజుల్లో, అంటే ఎనభైల్లో, నాకు ఇరవై రెండేళ్ళు. చేపల శాఖలో చేరి మూడు నెలలైంది. వినుకొండ అవతల ఒక చెరువులో మా ఆఫీసు అంతకు ముందు ఏడాదే బొచ్చె, శీలావతి చేపపిల్లల్ని వదిలింది. పట్టుకునే హక్కు ఒడ్డునే ఉన్న జాలరి పేటది. షరతు ఒక్కటే, ఇంత పొడుగు లేని చేపని తిరిగి నీళ్ళలో వదిలేయాలి. ఆ 'ఇంత' ఎంతో తేల్చేవాణ్ణి నేను. అందుకని వడ్రంగి చేత టేకు పలక ఒకటి చేయించి, దాని మీద ఎర్రరంగుతో గీత కొట్టించాను. (గీత కింద నా పేరు కూడా రాయిద్దామనుకున్నాను, చోటు చాలలేదు.)

మొదటి పట్టు రోజు పొద్దున్నే పలక చంకలో పెట్టుకుని, ఇస్త్రీ ప్యాంటుతో గట్టు మీద నిలబడ్డాను. వల ఒడ్డుకి రాగానే కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాను. ఆఫీసు రిజిస్టరులో అంకెలుగా చూసిన వేలెడంత పిల్లలు ఇవేనా? కొన్ని చంటిపిల్లాడంత ఉన్నాయి. ఎండకి తళతళమంటూ ఎగిరిపడుతుంటే భయమూ వేసింది, దణ్ణం పెట్టాలనీ అనిపించింది. ఒక బొచ్చె తోకతో కొట్టిన దెబ్బకి నా కళ్ళజోడు వెళ్ళి వలలో పడింది. అయినా డ్యూటీ డ్యూటీయే కదా. ఒక్కో చేపనీ పలక మీద పడుకోబెట్టి, తోక నిమిరి, గీత దాటిందో లేదో చూసి, "పాస్!", "ఫెయిల్!" అని అరవడం మొదలుపెట్టాను.

వల లాగే జట్టుకి పెద్ద ఒక ముసలావిడ. పేటంతా మామ్మ అనే పిలిచేది. నడుం లోతు నీళ్ళలో నిలబడి, "పెళ్ళిచూపులా బాబూ, అంతసేపు చూస్తన్నావు?" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. (ప్రభుత్వం నవ్వకూడదని అప్పట్లో నా నమ్మకం.) కాసేపటికి ఆవిడే చెయ్యి చాపి నీళ్ళకేసి చూపించింది. నేను ఫెయిల్ చేసి వదిలిన చిన్న చేపలన్నీ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి.

"నువ్వు కొలిచేలోపే వాటికి ఊపిరి పోతంది నాయనా. చచ్చినదాన్ని వదిలితే పెరుగుద్దా? ఎండాకాలం రెండో పట్టుకి మాకు ఇయ్యేగా కూడు!"

ఆవిడ గొంతులో కోపం లేదు, అందుకే ఎక్కువ తగిలింది. పేట వాళ్ళ తిండి కాపాడే రూలుని చేత్తో పట్టుకుని, ఆ తిండిని నేనే చంపుతున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"మరెలా మామ్మా?"

"ఆ చెక్క అవతల పెట్టి దిగు."

ఇస్త్రీ ప్యాంటుతోనే దిగాను. ఆవిడ వలని నీళ్ళలోంచి పైకి ఎత్తనివ్వలేదు. కళ్ళు మూసుకుని చేతులు ముంచింది. వేళ్ళు చేప తలని పట్టుకోవడం, చెయ్యి దాని ఒంటి వెంట పరుచుకోవడం, రెండూ ఒక్కసారే. తోక మోచేతిని దాటితే బుట్టలోకి, దాటకపోతే వల అంచు మీదుగా చెరువులోకి. తనని ఎవరో పట్టుకున్నారని చేపకి తెలిసేలోపే అయిపోయేది. నాకు అనుమానం తీరక బుట్టలో పడ్డవాటిని పలక మీద పెట్టి చూశాను. ఒక్కటంటే ఒక్కటి గీతకి తగ్గలేదు, పైగా ప్రతిదీ వేలెడు అవతలకే ఉంది.

"మోచెయ్యి దాటందే మన్ది కాదనేవోడు మా అయ్య," అంది మామ్మ. "గీత కాడ మీవోళ్ళు కాస్త తొందరపడ్డారు బాబూ. ఇంకో వేలు పెరగనియ్యాల్సింది."

సాయంత్రం పలక ఆవిడకే ఇచ్చేశాను. ఎండాకాలం రెండో పట్టుకి వెళ్ళేసరికి బుట్టలు చాలక దుప్పట్లు పరిచారు. నా పలక మీద మామ్మ చేపలు కోస్తోంది. ఎర్రగీత ముప్పాతిక వంతు చెరిగిపోయింది.

నేను రిటైరై కొన్నేళ్ళయింది. ఆవిడ చెయ్యి నా చేతికన్నా పొట్టి, ఆ రోజే పక్కపక్కన ఆనించి చూశాను. ఆవిడ మోచెయ్యి నా చేతి మీద ఎక్కడిదాకా వస్తుందో, పుట్టుమచ్చ పక్కన ఆ చోటు నాకింకా గుర్తే. ఇప్పటికీ గుంటూరు చేపల మార్కెట్లో చొక్కా చెయ్యి మడిచి చేప పక్కన ఆనిస్తాను. "ఏంది సార్, చేపకి గాజులు తొడుగుతారా?" అని అమ్మేవాడు నవ్వుతాడు. నేనూ నవ్వుతాను, ఇప్పుడు నేను ప్రభుత్వం కాదు కదా. చేప ఆ మచ్చ దాటకపోతే మాత్రం ఖాళీ సంచీతో ఇంటికి వచ్చేస్తాను.